ఆటస్థలమున మార్కులు

పరీక్షలు ముగిసిన పిమ్మట పిల్లవాడు మార్కుల పట్టికను ఇంటికి తెచ్చును. తెలుగులో ఎన్ని, లెక్కలలో ఎన్ని, ఆంగ్లములో ఎన్ని అని తండ్రి యడుగును. తాతగారు కన్నులద్దములు సవరించుకొని పై గడినుండి క్రింది గడివరకు చదువుదురు. ఆ పట్టిక అడుగుభాగమున వ్యాయామవిద్యకు ఒక గడి యుండును. దానిలో ఒక అక్షరము వ్రాయబడి యుండును. ఆ అక్షరము ఎట్లు వచ్చినదని బడికి పోయి అడిగిన తండ్రిని నేను ఇంతవరకు చూడలేదు. ఈ సాయంకాలము ఆ గడిని గూర్చియే మీతో కొంచెము ముచ్చటింపదలచినాను.

ఆటకు మార్కు లేమిటి, గెలిచినవాడు గెలుచును, ఓడినవాడు ఓడును గదా యని పెద్దలు కొందరు నవ్వవచ్చును. ఇల్లు వాకిలి పనులు ముగించుకొని వెన్నెలలో చెడుగుడు ఆడుకొన్న దినములలో ఆ మాట చెల్లినది. నేడు ఆట బడిలో ఒక పాఠమైనది. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. పిల్లల నేర్పును ఏడాది పొడవున, అన్నివైపులనుండి పరిశీలింపవలెనని ఆ చట్టపు 29వ విభాగము చెప్పుచున్నది. ప్రతి బడికి ఆటస్థలము, ఆటవస్తువులు ఉండవలెనని దాని అనుబంధములో నున్నది. కావున ఆ గడిలో ఏదో యొక అక్షరము వ్రాయకతప్పదు. అది నిజముగా చూచి వ్రాసిన అక్షరమా, గడి నింపుటకు వ్రాసినదా యనునదే ప్రశ్న.

చూడకయే వ్రాయుటకు రెండు దారులున్నవి. తరగతిలోని అందరికిని ఒకే అక్షరము వేయుట మొదటిది. దీనివలన ఎవరికిని కోపము రాదు. ఎవరికిని ప్రయోజనమును లేదు. బడి జట్టులో ఆడు పదిమందికి పెద్ద అక్షరము, తక్కినవారికి చిన్న అక్షరము వేయుట రెండవది. ఇది మొదటిదానికంటె చెడ్డది. ఆరవ తరగతిలో చిన్న అక్షరము పొందిన పిల్లవాడు ఏడవ తరగతిలో ఆటస్థలపు అంచున కూర్చుండును. తొమ్మిదవ తరగతికి వచ్చుసరికి ఆడువారి చొక్కాలకును చెప్పులకును కాపలా కాయుచుండును. వానికి ఆట రాదని తీర్పు చెప్పినవారెవరు? ఏమి చూచి చెప్పిరి? ఇది ఒక్క పిల్లవాని సంగతి కాదు. తరగతిలో పలువురు ఇట్లు అంచునకు చేరుచున్నారు. పదునారేండ్లు నిండకుండ ఆట మానినవాడు ముప్పదియవ యేట మరల పరుగెత్తుట అరుదు.

ఆటలన్నియు ఒకే జాతివి కావు. పరుగుపందెములో ప్రతివాడును తన గీతవెంట తాను పరుగెత్తును. గడియారము చెప్పినదే తీర్పు. దూరపు దూకుడులో కొలబద్ద చెప్పినదే తీర్పు. కాని ఫుట్‌బాలు, హాకీ, బాస్కెట్‌బాలు, మన చెడుగుడు వేరు జాతి. వీనిలో ఒక జట్టు ఎదుటివారి నేలలోనికి చొచ్చుకొనిపోవలెను. అదే సమయమున తన నేలను ఎదుటివారు చొరకుండ కాచుకొనవలెను. వ్యాయామశాస్త్రము నేర్చినవారు ఆంగ్లమున వీనిని దండయాత్ర ఆటలందురు. పేరు తగినదే. ఇట్టి ఆటలో ప్రతి నిమిషమును పిల్లవాడు ఏదో యొకటి నిశ్చయించుకొనవలెను. ముందుకు పోవుటయా, వెనుకకు తగ్గుటయా? బంతిని తానే తీసికొనిపోవుటయా, తోడివానికి ఇచ్చుటయా? ఈ నిశ్చయములకు గడియారము లేదు, కొలబద్ద లేదు. అందుచేతనే వీనికి మార్కులు వేయుట కష్టము.

కష్టమైనదానిని తప్పించుకొనుటకు చాలకాలముగా ఒక ఉపాయము వాడుకలో నున్నది. నేలమీద పది రాళ్లు వరుసగా పెట్టి, వాని నడుమ బంతిని కాలితో వంకరటింకరగా నడిపింపుమని చెప్పుదురు. ఎన్ని క్షణములు పట్టినదో చూచి మార్కు వేయుదురు. గోడకు వేసి కొట్టిన బంతి అరనిమిషములో ఎన్ని మారులు తిరిగి వచ్చినదో లెక్కపెట్టుదురు. ఈ పరీక్షలు వ్యర్థములని నేననను. క్రొత్తగా నేర్చువానికి కాలు, చేయి కుదిరినవా లేదా యనునది వీనివలన తెలియును. కాని రాయి ఎదురు తిరుగదు. రాయి బంతిని లాగికొనదు. రాళ్ల నడుమ బహు నేర్పుతో బంతి నడిపినవాడు ముగ్గురు మీదపడగానే దిక్కు తోచక నిలిచిపోవుట ఏ బడిలోనైనను చూడవచ్చును. ఇంగ్లాండులోని లఫ్‌బరో విశ్వవిద్యాలయమునకు చెందిన బంకర్, థార్ప్ అను ఇద్దరు ఆచార్యులు 1982లో ఇదే సంగతి వ్రాసిరి. పిల్లలు కసరత్తు నేర్చుచున్నారు గాని ఆటను తెలిసికొనుట లేదు. ఆటలోని తెలివిని ముందుగా నేర్పవలెనని వారి వాదము. ఆటబోధనలో అనేక దేశములు నడిచిన దారి అక్కడినుండి మారినది.

ఇది మన పెద్దలకు క్రొత్త సంగతి కాదు. సంతలో ఎద్దును కొనునప్పుడు పళ్లు చూతురు, సుడులు చూతురు, గిట్టలు చూతురు. అయినను కాడి కట్టి నాలుగు చాళ్లు దున్నించి చూడనిదే రూక విప్పరు. జతయెద్దుతో అడుగు కలుపునా, మలుపువద్ద మొరాయించునా యనునది కట్టుగొయ్యవద్ద తెలియదు. జట్టు ఆట ఆడు పిల్లవానిని కూడ ఆటలోనే చూడవలెను.

ఆటలోనే చూడవలెనన్నంత మాత్రమున పని ముగియలేదు. ఆటను చూచినవారందరు ఒకే సంగతి చూడరు. చెట్టుక్రింద నిలుచున్న జనము చూచునది గోలును. ఎవడు రెండు గోలులు కొట్టెనో వాడే ఆటగాడు. ఈ అలవాటును సరిదిద్దుటకు ఫ్రాన్సు, కెనడా దేశములకు చెందిన గ్రెహేన్, గోడ్బూ, బూతియే అను పండితులు 1997లో ఒక లెక్కను ప్రకటించిరి. మన కరణాల లెక్కవలె తేలికయైనది గనుక విప్పి చెప్పెదను.

ఒక్కొక్క పిల్లవానిమీద ఒక్కొక్క చూపరిని పెట్టవలెను. చూపరి అయిదు సంగతులకు గీతలు గీయవలెను. ఎదుటివారినుండి గెలుచుకొన్న బంతులు, తోడివారినుండి అందుకొన్న బంతులు, పోగొట్టుకొన్న బంతులు, ఎదుటివారిని ఇరుకున పెట్టునట్లు తోడివానికి అందించిన ముందుబంతులు, సఫలమైన గురిదెబ్బలు. సఫలమన్న, బంతి గోలులో పడవలెను, లేదా కొట్టిన పిమ్మట తన జట్టువద్దనే నిలువవలెను. గెలుచుకొన్నవి, అందుకొన్నవి కూడిన యెడల వాడు ఆటలో ఎంత మునిగెనో తెలియును. ఆ మొత్తములో సగమును ఒకవైపు ఉంచవలెను. తరువాత గెలుచుకొన్నవి, ముందుబంతులు, గురిదెబ్బలు ఈ మూడింటిని కూడి, పోగొట్టుకొన్నవానికి 10 చేర్చి దానితో భాగింపవలెను. వచ్చినదానిని 10తో హెచ్చించి, ముందుంచిన సగమునకు కలుపవలెను. అదియే వాని లెక్క.

ఇద్దరు పిల్లలను ఊహించుకొందము. మొదటివాడు గెలుచుకొన్నవి 2, అందుకొన్నవి 14, పోగొట్టుకొన్నవి 10, ముందుబంతులు 2, గురిదెబ్బలు 2. వాడు మునిగిన ఆట 16. అందులో సగము 8. మూడింటి మొత్తము 6. దానిని 20తో భాగించిన 0.3, పదితో హెచ్చించిన 3. వాని లెక్క 11. రెండవవాడు గెలుచుకొన్నవి 6, అందుకొన్నవి 6, పోగొట్టుకొన్నవి 2, ముందుబంతులు 5, గురిదెబ్బ 1. మునిగిన ఆట 12, సగము 6. మూడింటి మొత్తము 12. దానిని 12తో భాగించిన 1. పదితో హెచ్చించిన 10. వాని లెక్క 16. జనము భుజములమీద మోయునది మొదటివానిని. పదిమార్లు బంతిని ఎదుటివారికి అప్పగించినవాడు వాడే యని కాగితము చెప్పుచున్నది. రెండవవాని పేరు ఆ సాయంకాలము ఎవరి నోటను వినబడదు.

ఈ లెక్క పవిత్రమైనదేమియు కాదు. సరిసమానమైన జట్లు, సమానమైన కాలము ఆడినప్పుడే ఇద్దరి లెక్కలను పోల్చవలెను. ఈ ఊరి 16ను పొరుగూరి 16తో పోల్చుట తగదు. బలహీనుల మీద ఆడినవాని లెక్క ఎప్పుడును పెద్దదిగానే యుండును.

మరియొక లోపము కూడ కలదు. ఇది బంతి తగిలినప్పుడే లెక్కించును. ఇరువదిరెండుగురు ఆడు ఫుట్‌బాలులో బంతి ఒక్కటే. ఏ నిమిషమున చూచినను ఇరువదియొక్కరి వద్ద బంతి లేదు. ఆ ఇరువదియొక్కరు ఏమి చేయుచున్నారు? అమెరికా దేశమున జూడిత్ ఓస్లిన్, స్టీఫెన్ మిచెల్, లిండా గ్రిఫిన్ అను మువ్వురు 1998లో ప్రకటించిన పద్ధతి దీనికి జవాబు చెప్పుచున్నది. తన పని ముగించి తన చోటికి తిరిగి వచ్చుచున్నాడా? ఆట కదలినట్లు తానును కదలుచున్నాడా? బంతి యున్న తోడివానికి అందుబాటులో ఖాళీ నేలకు పోవుచున్నాడా? కాచుచున్న తోడివాడు తప్పినచో ఆదుకొనుటకు వెనుక నిలుచుచున్నాడా? ఎదుటివానిని అంటిపెట్టుకొని కాచుచున్నాడా? వీనికి తోడు నిశ్చయము ఒకటి, చేతపని ఒకటి. మొత్తము ఏడు. ఒక్క దినముననే ఏడింటిని చూడనక్కరలేదు. ఆ నెలలో నేర్పినవి రెండో మూడో చూచిన చాలును.

ఈ పద్ధతిలో నాకు మిక్కిలి నచ్చినది నిశ్చయమును చేతపనినుండి వేరుచేయుట. ఒక పిల్లవాడు కుడివైపున ఖాళీగా నున్న తోడివానిని చూచి బంతిని అటు తన్నినాడు. కాలు జారి బంతి గీతదాటి పోయినది. జనము ఛీకొట్టుదురు. కాని వాడు చూచినది సరిగానే చూచినాడు, తలచినది సరిగానే తలచినాడు. కాలు మాత్రము కుదరలేదు. వానికి కావలసినది వారము దినముల సాధన. మరియొకడు ముగ్గురు కాచుచున్నవైపే బంతిని దూర్చి, అదృష్టము బాగుండి దాటిపోయినాడు. చప్పట్లు మ్రోగినవి. వానికి ఆట తెలియదు, నాలుగవమారు చిక్కిపోవును. వీనికి కావలసినది సాధన కాదు, బోధన. ఒకే మార్కు వేసిన ఉపాధ్యాయునకు ఈ భేదము తెలియదు గనుక ఇద్దరిని ఒకే విధముగా గద్దించును. రెండు గడులు గీసికొని, నిశ్చయము ఒకదానిలోను చేతపని ఒకదానిలోను వ్రాసికొన్నవాడు ఎవనికి ఏమి నేర్పవలెనో ఆ సాయంకాలమే తెలిసికొనును. మార్కు వేయుటలోని ఫలము ఇదియే. పట్టికలోని అక్షరము తరువాతి మాట.

ఇక మన చెడుగుడు. ఈ ఆటను గూర్చి మీకు చెప్పుట తాతకు దగ్గులు నేర్పినట్లుండును. అయినను నేడది బహుదూరము పోయినది. 1936లో బెర్లిను ఒలింపిక్సు సమయమున విదర్భలోని అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలివారు అచ్చట దీనిని ఆడి చూపిరి. అది మన కృష్ణాతీరపు అమరావతి కాదు. 1990లో బీజింగు ఆసియా క్రీడలనుండి పురుషులకును, 2010లో గ్వాంగ్‌జౌ క్రీడలనుండి స్త్రీలకును ఇది పతకముల ఆటయైనది. పేరు కబడ్డీ యనుచున్నారు. జట్టునకు ఏడుగురు, కూతకు 30 క్షణములు, పురుషులకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల నేల. బడి పిల్లలకు ఇంతకంటె చిన్న నేల చాలును. బంతి కొననక్కరలేదు, వల కొననక్కరలేదు. సున్నము నాలుగు దోసిళ్లు చాలును. కావున బీదబడిలో దండయాత్ర ఆటను నేర్పుటకును, నేర్పును చూచుటకును దీనికి సాటి లేదు.

చెడుగుడులో జనము లెక్కించునది ఎందరిని తాకి వచ్చెను, ఎందరిని పట్టెను అని. కూతకు పోయినవానిని కొంచెము నిదానముగా చూడుడు. వాడు ముందుగా ఎదుటివారిని లెక్కించినాడా? అవతల ఆరుగురుగాని ఏడుగురుగాని నిలిచియున్నప్పుడే బోనస్ గీతవద్ద పాయింటు దొరకును. అయిదుగురే యున్నప్పుడు ఆ గీతకొరకు కాలు చాచినవాడు లెక్క మరచినాడన్న మాట. ఎవరినైనను తాకుటకు గాని, బాక్ గీతను దాటుటకు గాని ఊపిరి మిగుల్చుకొన్నాడా? ఆ రెంటిలో ఏ యొక్కటియు చేయక తిరిగివచ్చినవాడు బయటికి పోవలసినదే. మూల కాచువాడు కుడిచేతివాడా, ఎడమచేతివాడా యని చూచి ఏవైపున చొచ్చవలెనో నిశ్చయించుకొన్నాడా? తన జట్టు ముందున్నప్పుడు ఊరక తిరిగివచ్చుటయు నేర్పే. వెనుకబడి యున్నప్పుడు అదే పని పిరికితనము. కాబట్టి చూపరి చేతిలోని కాగితముమీద అప్పటి పాయింట్లు కూడ వ్రాసి యుండవలెను.

కాచువారిని చూచుట ఇంకను సూక్ష్మమైన పని. కూతగాని చీలమండ పట్టినవాని పేరు స్కోరుపుస్తకములోనికి ఎక్కును. వాని చేయి పట్టుకొని గొలుసుగా నిలిచి, కూతగానిని ఆ మూలకు తోలినవాని పేరు ఎక్కడను ఉండదు. రెండవవాడు మీదపడి నడుము పట్టకపోయిన యెడల మొదటివాని పట్టు జారిపోయెడిదే. ఈ తోడుపోవుటకు ఒక గడి యుండవలెను. తొందరపడి గొలుసు తెంచుకొని దూకినవానికి వేరొక గడి. పట్టు తప్పినప్పుడు వాడొక్కడే పోడు, తన్ను నమ్మి ముందుకు వచ్చిన మరియిద్దరిని వెంటబెట్టుకొని పోవును.

ఒక సందర్భము చెప్పెదను. కాచువారు ముగ్గురే మిగిలినారు. నేటి నియమముల ప్రకారము ముగ్గురో అంతకంటె తక్కువో యున్నప్పుడు కూతగానిని పట్టినచో ఒక పాయింటు ఎక్కువ వచ్చును. ఆశ పుట్టించు నియమము. కాని పట్టు తప్పి ముగ్గురును పోయిన యెడల ఎదుటివారికి ఆ మూడు గాక లోనా క్రింద మరి రెండు. ఒక్క నిమిషము మిగిలి, తన జట్టు మూడు పాయింట్లతో ముందున్నది. అప్పుడు గీతవద్ద వెనుకకు తగ్గి, కూతగానిని వట్టిచేతులతో పంపినవాడు మంచి నిశ్చయము చేసినాడు. ‘చేతులు లేవా, పట్టుము’ అని గీతచుట్టు నిలిచినవారు కేకలు వేయుదురు. ఆ కేకలు విని మార్కు వేసినచో ఆ పిల్లవానికి సున్న. ఆట చూచి వేసినచో పూర్తి మార్కు.

ఇంత సూక్ష్మముగా చూచుటకు ఒక్క డ్రిల్లు మాష్టారికి ఎన్ని కన్నులుండవలెనని మీరడుగుదురు. న్యాయమైన ప్రశ్న. జవాబు పిల్లలలోనే యున్నది. నలుబదిరెండుగురు గల తరగతిని ఊహింపుడు. పదునలుగురు ఆడుదురు. మిగిలిన ఇరువదియెనమండుగురు ఇద్దరిద్దరుగా ఒక్కొక్క ఆటగానిని చూతురు. చూచు పిల్లవాని చేతిలో అట్టముక్కకు గ్రుచ్చిన కాగితము, పెన్సిలు. పది నిమిషములకు వంతు మారును. నలుబదియైదు నిమిషముల గంటలో మూడు వంతులు ముగిసి, చెప్పుకొనుటకు పదునైదు నిమిషములు మిగులును. అంచున కూర్చున్నవాడు లేడు. చొక్కాలకు కాపలా లేదు. పైగా చూచుట కూడ నేర్చుటయే. పది నిమిషములు తోడివాని పాదములను కనిపెట్టి చూచినవాడు తన వంతు వచ్చినప్పుడు ఆ తప్పు చేయుటకు వెనుదీయును.

పిల్లలు స్నేహితులకు ఎక్కువ గీతలు గీయరా? గీయుదురు. అందుకే ఒక్కొక్కనిమీద ఇద్దరిని పెట్టినది. ఇద్దరును ఒకరి కాగితము నొకరు చూడక వ్రాసిన పిదప పోల్చవలెను. ఇరువది సంగతులలో పదునారింట ఇద్దరును ఒకే విధముగా వ్రాసిన నూటికి ఎనుబది కుదిరినట్లు. ఆ మాత్రము కుదిరినచో నమ్మవచ్చునని ఈ శాస్త్రము తెలిసినవారి వాడుక. అంతకు తగ్గినచో పిల్లలను కోపింపక, మంచి నిశ్చయమనగా నేమో మాష్టారు మరల ఆడించి చూపవలెను. చాలమారులు తప్పు చూపరిది కాదు, చెప్పినవారి మాటలు తేటగా లేకపోవుటయే. నేడు చేతిఫోను లేని ఇల్లు అరుదు గనుక ఒక వంతు ఆటను చిత్రముపట్టి, సందేహము వచ్చినచోట మరల చూచుకొనవచ్చును. ఆ చిత్రము ఊరంతయు త్రిప్పుటకు కాదు.

ఫుట్‌బాలు, హాకీలకు మాత్రము ఒక మార్పు కావలెను. పదునొకండుగురు పదునొకండుగురుగా ఆడించిన యెడల కొందరు పిల్లలకు గంటసేపట్లో బంతి నాలుగుమారులైనను తగులదు. తగులనివాని నేర్పు నెట్లు చూతుము? నేలను ముక్కలు చేసి, నలుగురు నలుగురుగా ఆడింపవలెను.

ఒక్కదినపు ఆటనుబట్టి తీర్పు చెప్పరాదు. మూడు దినములైనను, వేరువేరు జట్లలో కలిపి చూడవలెను. ఒళ్లు చాలనివానిని కూడ తెలిసికొనవలెను. ఒకే తరగతిలో పదునొకండు నెలల పెద్దవాడు పొడుగుగా, బలముగా నుండును. దానిని జనము నేర్పనుకొందురు. కెనడా దేశపు మంచుహాకీలో పైజట్లకు ఎన్నికైన బాలురలో ఏడాది మొదటి నెలలలో పుట్టినవారే మెండుగా నున్నారని బార్న్‌స్లీయు ఆయన తోడివారును 1985లో చూపిరి. అచ్చట వయసు లెక్క జనవరితో మొదలగుటయే దానికి కారణము. మన పల్లెలలో, ఒకప్పుడు బడిలో వేయునాడు జూన్ నెలలోని ఏదో యొక తేదీని వ్రాయించు అలవాటుండెడిది గనుక కాగితముమీద అందరును ఒక్కమారే పుట్టిరి! అందుచేత పుట్టిన తేదీకంటె పిల్లవాని ఒడ్డుపొడుగులను చూచి జట్లు కట్టుట మేలు. చెడుగుడులో బరువునకు బరువు సరిపోవుట దెబ్బలు తగులకుండుటకును అవసరము.

ఆడపిల్లల మాట చెప్పక ముగింపరాదు. పది నిండగనే ఆటగంటలో వారిని వరండాలో కూర్చుండబెట్టి, పట్టికలో మాత్రము మంచి అక్షరము వేసి పంపు బడులున్నవి. అది దయవలె కనబడును. ఆడనిదానికి మార్కు వేయుట ఆమెకు ఆట అక్కరలేదని చెప్పుటయే. స్త్రీలకు కబడ్డీనేల 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. బడి వెనుక గోడచాటున ఆ మాత్రము చోటు దొరకును. విద్యాహక్కు చట్టము బడి యాజమాన్య సంఘములో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులను, సభ్యులలో సగము స్త్రీలను ఉంచినది. ఆ తల్లులు అడిగిననాడు ఆ చోటు చదునగును.

శరీరపు కొలతలకు విలువ లేదని నా మాటల కర్థము కాదు. హైదరాబాదువద్ద హకీంపేటలోని క్రీడాపాఠశాలకు నాలుగవ తరగతి పిల్లలను ఎంచునప్పుడు ఎత్తు, బరువు, పరుగు, దూకుడు మొదలైనవి చూతురు. ఎనిమిది, తొమ్మిదేండ్ల పిల్లకు ఏ ఆట అబ్బునో ఎవరికిని తెలియదు గనుక అది తగినదే. ఆ కొలతలతో ఎనిమిదవ తరగతి పిల్లవాని ఆటను తేల్చుట మాత్రము తగదు. హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు. ఆయన తీర్చిన భారత ఫుట్‌బాలు జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడలలో బంగారు పతకములు గెలిచినది. 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచినది. జట్టును కట్టుట ఒక్క గోలువీరునితో అగు పని కాదని ఆ బడిపంతులు పని చూచినవారికి తెలియును.

పెద్దలుగా మీ చేతిలోని పని ఎక్కువ కష్టమైనది కాదు. సంక్రాంతి పోటీలలో, బడి వార్షికోత్సవములలో బహుమతు లిచ్చువారు మీరే. ఎక్కువ గోలులు కొట్టినవానికి, ఎక్కువమందిని తాకినవానికి ఇచ్చు గిన్నె ఇయ్యవచ్చును. తోడుపోవుటలో మేటియైనవానికి మరియొక గిన్నె యుండవలెను. వాడెవడో మీకు కేకలలో వినబడడు గనుక పిల్లలు వ్రాసిన కాగితములు తెప్పించి చూడవలసివచ్చును. మాష్టారిని కలిసినప్పుడు, మావాని అక్షరము ఏ ఆటలో, ఎన్ని దినములు చూచి వేసితిరయ్యా యని మర్యాదగా అడుగుడు. మొదటిమారు ఆయన తడుముకొనవచ్చును. రెండవమారు కాగితము చూపును. ఒక బడిలో ఒకే వ్యాయామోపాధ్యాయుడు మూడువందలమందిని చూచుకొనవలసివచ్చిన యెడల ఆయనను తప్పుపట్టుట న్యాయము కాదు. అట్టిచోట పెన్సిళ్లు, కాగితములు కొనియిచ్చి, ఆటగంటకు ఒకరిద్దరు చదువుకొన్న పడుచువారిని సాయము పంపుట మంచిది.

ఆ కాగితములను ఏడాది చివర కట్టలుకట్టి మూలను పడవేయరాదు. జూన్ నెలలో వచ్చు క్రొత్త మాష్టారికి వానిని అప్పగింపవలెను. ఎవనికి చూపున్నది, కాలు కుదరలేదు. ఎవనికి కాలున్నది, చూపు లేదు అని అందులో వ్రాసియుండును. లేనిచో ఆయన మరల మొదటి దినమున పది రాళ్లు వరుసగా పేర్చుకొనవలసివచ్చును.